బడి గోడ మీద మట్టిపలకల ముగ్గు: నాలుగు వందల మంది చేతి పనిని ఒకే చిత్రంగా కూర్చడం ఎలా?

చుక్కలగీత (చిత్రలేఖన ఉపాధ్యాయిని, కృష్ణా జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను పనిచేసే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా సుమారు నాలుగు వందల మంది చదువుతున్నారు. ప్రవేశద్వారానికి ఎదురుగా, వరండాలో, ఒక గోడ మీద 12 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు గల ఖాళీ జాగా ఉంది. పిల్లలు తలా ఒక మట్టిపలక తయారు చేయాలని, వాటన్నిటినీ కాల్చి ఆ గోడ మీద అమర్చాలని అనుకుంటున్నాము. ప్రధానోపాధ్యాయులు అంగీకరించారు. యాజమాన్య కమిటీ సమావేశంలో తల్లిదండ్రులు కూడా సుముఖత చూపారు.

అయితే మూడు విషయాలు నాకు తేలడం లేదు. ఒకటి, అందరి పలకలూ పక్కపక్కన పెడితే అతుకుల బొంతలా కాకుండా ఒక చిత్రంగా కనిపించాలంటే ఏం చేయాలి? రెండు, మట్టి ఎక్కడిది, కాల్చేది ఎక్కడ? మూడు, గోడకు ఎలా అతికించాలి? బాగా గీసే యాభై మందిని ఎంపిక చేస్తే చిత్రం అందంగా వస్తుందని కొందరు సహోపాధ్యాయులు సలహా ఇస్తున్నారు. అది నాకు సమ్మతం కాదు. ఏ బిడ్డ పలకా లేకుండా పోకూడదన్న నియమం పెట్టుకొని మాట్లాడుకుందాం.

గోడకట్టు (సివిల్ ఇంజనీరు, హైదరాబాదు)

ఉపాధ్యాయినిగారూ, మీరు మూడో ప్రశ్నగా అడిగినదానికి ముందుగా జవాబు వెతకవలసి ఉంటుంది. గోడ సంగతి తేలకుండా పలకల కొలతలు తేలవు.

ఆ గోడ కింది భాగంలో సున్నం పొరలుగా రాలుతున్నదా, తెల్లటి ఉప్పు పట్టినట్టు కనిపిస్తున్నదా చూడండి. అలా ఉంటే పునాది నుంచి చెమ్మ పైకి పాకుతున్నట్టే. అటువంటి గోడ మీద ఎంత మంచి సిమెంటుతో అతికించినా కొన్నేళ్ళకు పలకలు ఊడతాయి. గోడ పొడిగానే ఉన్నా, సున్నం లేదా డిస్టెంపరు వేసిన పూత మీద నేరుగా అతికించకూడదు. ఆ పూతను పూర్తిగా చెక్కి, కింది ప్లాస్టరు తేలేదాకా పోవాలి.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన మనబడి నాడు–నేడు పనుల్లో ఎన్నో బడుల రూపురేఖలు మారాయి, పాత గదులు పోయి కొత్తవి వచ్చాయి. బడి గోడ శాశ్వతమని మనం అనుకోకూడదు. కాబట్టి పలకలను గోడకు కాక విడి బోర్డు చట్రాలకు అతికించి, ఆ చట్రాలను గోడకు తగిలించడం మేలని నా అభిప్రాయం. రేపు గోడ పడగొట్టవలసి వస్తే చిత్రాన్ని దించి మరొక చోట పెట్టుకోవచ్చు.

పాతబస్తీ (హైదరాబాదు)

గోడకట్టుగారు చెమ్మ గురించి చెప్పినదానికి మన ఊళ్ళోనే నాలుగు శతాబ్దాల సాక్ష్యం ఉంది. చార్మినారుకు దగ్గరలో ఉన్న బాద్‌షాహీ ఆషుర్‌ఖానాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించాడు. లోపలి గోడల మీది రంగు పలకల పని 1611 నాటికి పూర్తయింది. పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల ముక్కలను ఆకారాల ప్రకారం కోసి, ఒకదాని పక్కన ఒకటి పొదిగిన పని అది. పై భాగంలో ఆ రంగులు నేటికీ చూడముచ్చటగా ఉంటాయి. 1908 మూసీ వరదలో దెబ్బతిన్నది కింది భాగమే. అక్కడ పోయిన పలకల స్థానంలో రంగులతో వేసిన బొమ్మలే ఉన్నాయి. వీలైతే పిల్లలను ఒకసారి తీసుకువెళ్ళి చూపించండి. కాల్చిన రంగుకూ పూసిన రంగుకూ ఉన్న తేడా ఒకే గోడ మీద కనిపించే చోటు అది.

ప్రవాసిని (చిత్రకళా ఉపాధ్యాయిని, న్యూజెర్సీ)

ఇక్కడి ప్రభుత్వ బడుల్లో చాలావాటికి సొంత ఎలక్ట్రిక్ బట్టీ ఉంటుంది కాబట్టి ఇటువంటి పనులు తరచుగా జరుగుతుంటాయి. ఒకసారి కాల్చి సిద్ధంగా ఉన్న పలకలను పెట్టెలుగా కొనుక్కొని, పిల్లల చేత రంగులు వేయించి, పైన పారదర్శకమైన గ్లేజు (కాలిస్తే గాజులా మెరిసే పూత) పూసి రెండోసారి కాల్చడం ఇక్కడ సర్వసాధారణమైన పద్ధతి. పలకలన్నీ ఒకే కొలతలో, సమతలంగా ఉంటాయి కాబట్టి అతికించడం సులువు. పిల్లలకు కావలసింది ఒక్క పీరియడు మాత్రమే. నాలుగు వందల మంది అంటే మట్టిని కలపడం, చదును చేయడం, ఆరబెట్టడం చాలా పెద్ద శ్రమ. దాని గురించి ఆలోచించారా?

నీలిపూత (సిరామిక్ కళాకారిణి, విశాఖపట్నం)

ప్రవాసినిగారు చెప్పినటువంటి గ్లేజు లేని తెల్లపలకలు మన దగ్గర చిల్లరగా దొరకడం కష్టం. గుజరాత్‌లోని మోర్బీ నుంచి మన దుకాణాలకు వచ్చేవన్నీ గ్లేజు వేసి కాల్చినవే. వాటి మీద పోస్టరు రంగులో, ఎనామెల్ రంగులో వేస్తే ఎండకూ తుడుపుకూ కొన్నాళ్ళలోనే పోతాయి. అయితే గ్లేజు మీద వేసే ప్రత్యేకమైన రంగులు ఉన్నాయి. వాటిని పూసి 750 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వరకూ మళ్ళీ కాలిస్తే రంగు గ్లేజులోకి కరిగి నిలుస్తుంది. సమయం బొత్తిగా లేని బడికి అది మంచి దారే.

కానీ మీకు ఒక విద్యాసంవత్సరం చేతిలో ఉంది. మట్టిని తాకకుండా మట్టిపలక చేయించడం నాకు రుచించదు.

చిత్రం విషయానికి వస్తే, పిల్లలను ఇష్టమొచ్చినది గీయమనడం, లేదా ఒక పెద్ద బొమ్మను ముక్కలుగా కోసి రంగులు నింపమనడం అనే రెండు మార్గాలే ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిదానిలో కూర్పు ఉండదు, రెండోదానిలో పిల్లవాడు ఉండడు. ఆకాశం ముక్క వచ్చిన బిడ్డ ఏం చేస్తాడు? నీలం పూసి ఇచ్చేస్తాడు. కెమెరాలో చూస్తే బాగుంటుంది గాని, ఆ పలక తనదని ఆ బిడ్డకు అనిపించదు. ఈ రెంటికీ నడుమ ఒక మార్గం కావాలి. మీ పేరులోనే అది ఉన్నదని నాకు తోస్తున్నది.

చుక్కలగీత

ముగ్గు అంటారా? నేనూ ఆలోచించాను. కానీ నాలుగు వందల ముక్కల మీద నాలుగు వందల మంది గీసిన గీతలు ఒకదానితో ఒకటి కలుస్తాయా అన్నదే భయం.

నీలిపూత

కలుస్తాయి, మెలికల ముగ్గు అయితే. ఎలాగో వివరంగా చెబుతాను.

మెలికల ముగ్గులో గీత చుక్కల మీదుగా పోదు, చుక్కల చుట్టూ తిరుగుతుంది. ప్రతి చుక్కకూ ఒక చదరపు గడి ఉన్నదనుకోండి. ఆ గడి నాలుగు అంచులలో ఒక్కొక్క అంచు దగ్గర రెండే రెండు అవకాశాలు: గీతలు ఆ అంచు నడిమి బిందువు వద్ద ఒకదానిని ఒకటి దాటి పక్క గడిలోకి పోతాయి, లేదా పోకుండా లోపలే మలుపు తిరుగుతాయి. నాలుగు అంచులకు కలిపి 16 అమరికలు వస్తాయి. పలకను తిప్పి చూస్తే ఒకటిగా కనిపించేవాటిని కలిపేస్తే మిగిలేవి ఆరే ఆకారాలు: ఏ అంచూ దాటని సున్న, ఒక అంచు దాటే కన్నీటి చుక్క ఆకారం, ఎదురెదురు అంచులు దాటేది, పక్కపక్క అంచులు దాటేది, మూడు దాటేది, నాలుగూ దాటేది. ఆరు అట్టముక్కలు కత్తిరించుకుంటే బడి మొత్తానికి సరిపోతాయి.

దాటే చోటు ఎప్పుడూ అంచుకు సరిగ్గా నడుమనే కాబట్టి, ఆరో తరగతి పిల్లవాడి పలకకూ పదో తరగతి అమ్మాయి పలకకూ గీత కలిసి తీరుతుంది. గీత లోపల, చుక్క చుట్టూ మిగిలే స్థలం మాత్రం పూర్తిగా ఆ బిడ్డది. చేపను చెక్కుతాడో, బస్సును చెక్కుతాడో, వాళ్ళ నాన్న నడిపే వరికోత యంత్రాన్ని చెక్కుతాడో మనం అడగకూడదు. దూరం నుంచి చూసినవారికి ముగ్గు, దగ్గరకు వచ్చినవారికి నాలుగు వందల బొమ్మలు కనిపిస్తాయి. చట్రం చివరి వరుసల్లో బయటి అంచును గీత దాటకుండా చూసుకుంటే ముగ్గు తనంతట తానే మూసుకుంటుంది.

లెక్క చూద్దాం. 12 అడుగులు, 4 అడుగుల జాగాను 4 అంగుళాల గడులుగా విభజిస్తే పొడవున 36, ఎత్తున 12, మొత్తం 432. మీ పిల్లలందరికీ పోగా మిగిలినవి ఉపాధ్యాయులకు, మధ్యాహ్న భోజనం వండేవారికి, కాపలాదారుకు ఇవ్వండి.

ఆవము (కుమ్మరి వృత్తిదారుడు, పశ్చిమ గోదావరి జిల్లా)

అమ్మా, నీలిపూతగారు చెప్పిన ముగ్గు చాలా బాగుంది. దానికి రంగులు కొనే పని కూడా లేదు. ఎర్రమన్ను పలక మీద తెల్లమన్ను గీత పెట్టించండి. అలికిన నేల మీద ముగ్గులాగే ఉంటుంది. ద్వారకా తిరుమల ప్రాంతంలో తెల్లగా కాలే బంకమన్ను దొరుకుతుంది. దానిని నీళ్ళలో పలుచని పెరుగులా కలిపి, మూతికి సన్నని గొట్టం ఉన్న సీసాలో పోసి పిల్లలకు ఇస్తే, మెహందీ పెట్టినట్టు గీత పెట్టేస్తారు. పలక వేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడి, ఇంకా చెమ్మగానే ఉన్నప్పుడు ఈ గీత పెట్టాలి. పూర్తిగా ఆరిన పలక మీద పెడితే తెల్లమన్ను విడిగా కుంచించుకుపోయి పెచ్చులు రాలుతుంది.

చెరువు మన్ను వాడదలచుకుంటే రెండు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది సున్నపురాయి. మన్నులో పెసర గింజంత సున్నపురాయి ఉన్నా కాల్చినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని రోజులకు గాలిలోని చెమ్మను పీల్చి ఉబ్బి, పలక ముఖం మీద పెచ్చు లేపేస్తుంది. అందుకే మన్నును నీళ్ళలో కరిగించి సన్న జల్లెడలో వడగట్టి, తేరిన తరువాతే తొక్కాలి. రెండోది, బంకమన్ను ఒక్కదానితోనే పలక చేస్తే వంకర తిరుగుతుంది. పగిలిన కుండ పెంకులను దంచి, జల్లించి, అయిదు పాళ్ళలో ఒక పాలు కలపండి. వంపు తగ్గుతుంది, లోపలి ఆవిరి బయటకు రావడానికి దారి కూడా దొరుకుతుంది.

గోడకట్టు

కొలతల దగ్గర ఒక్క మాట. గడి 4 అంగుళాలు అన్నారు గాని పలక 4 అంగుళాలు ఉండకూడదు. 3 మిల్లీమీటర్ల సందు వదలాలి కాబట్టి కాలిన పలక 98 మిల్లీమీటర్లు ఉండాలి. మన్ను ఆరినప్పుడూ కాలినప్పుడూ కలిపి పదోవంతు కుంచించుకుపోతుందనుకుంటే, పచ్చి పలకను ఎంతకు కోయాలి? చాలామంది 98కి పదోవంతు కలిపి సుమారు 108 అంటారు. కుంచించుకుపోయేది పచ్చి కొలతలో పదోవంతు కనుక 98ని 0.9తో భాగించాలి. అప్పుడు 109 వస్తుంది. ఒక మిల్లీమీటరే గదా అనిపించవచ్చు. పొడవున 36 పలకలు వరుసగా వచ్చేసరికి ఆ తేడా ఒక అంగుళం దాటుతుంది.

ఆవము

ఇంజనీరుగారి లెక్క సరైనదే గాని, పదోవంతు అని ముందే అనుకోవద్దు. ఒక్కొక్క చెరువు మన్నుది ఒక్కొక్క స్వభావం. ఒక పచ్చి పట్టీ మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరబెట్టి, కాల్చి, ఆ గీతను మళ్ళీ కొలవండి. 9 సెంటీమీటర్లు ఉంటే పదోవంతు, 9.2 ఉంటే ఎనిమిది శాతం. ఆ తరువాతే కోత చట్రం చేయించండి. 10 మిల్లీమీటర్ల మందంతో కోస్తే 432 పలకలకు సుమారు 100 కిలోల మన్ను పడుతుంది. కోతలో మిగిలే ముక్కలు, పగిలేవి, మళ్ళీ చేయవలసినవి కలుపుకొని 150 కిలోలు సిద్ధం చేసుకోండి.

ప్రవాసిని

నా మొదటి సలహాను పక్కన పెడుతున్నాను, ముగ్గు ఆలోచన నన్నూ లాక్కుపోయింది. మూడు విషయాలు మాత్రం తప్పక చెప్పాలి.

గ్లేజు కొనేటప్పుడు సీసం లేనిదని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకోండి. పొడి రూపంలో ఉన్న గ్లేజును పెద్దవారే, మాస్కు పెట్టుకొని, నీళ్ళలో కలపాలి. ఆరిన పలకల అంచులను పిల్లల చేత గరుకు కాగితంతో రుద్దించకూడదు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు ప్రమాదకరం. అంచులను చెమ్మగా ఉన్నప్పుడే తడి స్పాంజితో సరిచేయించండి. పని ముగిశాక గదిని చీపురుతో ఊడ్పించకుండా తడిగుడ్డతో తుడిపించండి.

చుక్కలగీత

అందరికీ కృతజ్ఞతలు. గోడను పరిశీలించాము. కింది అడుగున్నర మేర ఉప్పు పట్టిన గుర్తులు ఉన్నాయి. కాబట్టి చట్రాల పద్ధతే ఖాయం చేస్తున్నాము. చిత్రం కింది అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉండేలా అనుకుంటున్నాము. చట్రాలు ఎన్ని ముక్కలుగా చేయించాలి? అలాగే, పలకలు ఆరబెట్టడానికి తరగతి గదులే మాకు దిక్కు. ఫ్యాను కింద పెట్టవచ్చా?

నీలిపూత

ఫ్యాను కింద ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పలక వంగడానికి కారణం ఒక వైపు ముందు ఆరడం, రెండో వైపు వెనకబడడం. చెక్కబల్ల మీద వార్తాపత్రిక పరచి, పలకలను పేర్చి, పైన మళ్ళీ పత్రిక, దాని మీద మరొక బల్ల పెట్టండి. రోజూ తడిసిన కాగితం మార్చి, పలకలను తిరగవేయాలి. అయితే తెల్లగీత తడి ఆరకముందే పైన కాగితం వేస్తే అంటుకుంటుంది కాబట్టి గీత పెట్టిన పూట మాత్రం తెరిచి ఉంచండి. వానకాలం అయితే పూర్తిగా ఆరడానికి రెండు వారాలకు పైగా పట్టవచ్చు. చెంపకు ఆనించి చూస్తే చల్లగా అనిపించే పలకలో ఇంకా నీరు ఉన్నట్టే.

కాల్పులో తొందర పనికిరాదు. మొదటి కాల్పులో 100 డిగ్రీలు దాటేముందు కొన్ని గంటలు నిలపాలి. చెమ్మ మిగిలిన పలకలు పేలేది అక్కడే. 573 డిగ్రీల దగ్గర మన్నులోని స్ఫటిక రేణువుల ఘనపరిమాణం ఒక్కసారిగా మారుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ ప్రాంతంలో నెమ్మదిగా పోవాలి. 1000 డిగ్రీలకు చేరితే మొదటి కాల్పు చాలు. తరువాత పారదర్శకమైన గ్లేజు పూసి, ఆ గ్లేజు ఏ వేడికి తయారైనదో అంతవరకు రెండో కాల్పు. మొదటిసారి పలకలను నిలువుగా ఒకదాని పక్కన ఒకటి పేర్చవచ్చు. గ్లేజు వేశాక ఒకదానికొకటి తగలకూడదు కాబట్టి బట్టీలో పట్టే సంఖ్య బాగా తగ్గుతుంది. రెండో కాల్పుకు ఎక్కువ విడతలు లెక్క వేసుకోండి.

ఆవము

ఊరి ఆవములో ఈ పని కాదని కూడా చెప్పాలి. గడ్డి, కట్టెలు పేర్చి కాల్చే ఆవము కుండకు సరిపోతుంది గాని గ్లేజు కరిగే వేడి దానిలో సమంగా రాదు. పైగా బూడిద పడుతుంది. మా దగ్గర గ్యాసు బట్టీ ఉంది. మీరు పలకలను ఆరబెట్టి, అట్టపెట్టెల్లో వరిగడ్డి మధ్య పేర్చి పంపితే కాలుస్తాను. కానీ వినాయక చవితి బొమ్మలు, దీపావళి ప్రమిదల పని ముగిసేదాకా నా బట్టీ ఖాళీ ఉండదు. కార్తికంలో అయితే మీకే కేటాయిస్తాను.

గోడకట్టు

చట్రాలు ఆరు చేయించండి. ఒక్కొక్కటి 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. ఒక్కొక్కదానిలో అడ్డంగా 6, నిలువుగా 12, అంటే 72 పలకలు. 12 మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు వాడితే, పలకలూ జిగురూ కలుపుకొని చట్రం బరువు సుమారు 30 కిలోలు ఉంటుంది. ఇద్దరు మనుషులు ఎత్తగలరు. మామూలు ప్లైవుడ్ చెమ్మకు ఉబ్బుతుంది, వద్దు. బోర్డు వెనుక తుప్పు పట్టని ఇనుప చట్రం, దానికి జెడ్ ఆకారపు పట్టీలు, గోడకు వాటిని పట్టుకునే ఎదురు పట్టీలు ఉండాలి. గోడకూ బోర్డుకూ మధ్య గాలి ఆడుతుంది కాబట్టి చెమ్మ బెడద కూడా తగ్గుతుంది.

జిగురు సంచి మీద ఐ.ఎస్. 15477 అన్న గుర్తు, దాని కింద ఏ రకమో రాసి ఉంటుంది. మేస్త్రీకి అలవాటైన సిమెంటు ముద్ద పద్ధతి ఇక్కడ పనికిరాదు. ముద్ద చుట్టూ ఖాళీ మిగిలి, తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. పళ్ళ తాపీతో జిగురును వరుసలుగా గీసి, పలకను కొంచెం జరుపుతూ నొక్కాలి. పలకల వెనుక వైపు పచ్చిగా ఉన్నప్పుడే దువ్వెనతో గీట్లు పెట్టిస్తే పట్టు బాగుంటుంది. చట్రానికీ చట్రానికీ మధ్య సందును గ్రౌటుతో (పలకల సందుల్లో నింపే సిమెంటు పూతతో) పూడ్చకుండా, రబ్బరులా సాగే సిలికాన్‌తో నింపండి. ఎండకు సాగి, చలికి ముడుచుకునే కదలికకు అక్కడ చోటు ఉండాలి.

చుక్కలగీత

ఎవరి పలక ఎక్కడిదో తెలియడానికి పేర్లు రాయించాలా, అంకెలు వేయించాలా? మరొక సందేహం కూడా ఉంది. బట్టీలో ఒక బిడ్డ పలక పగిలిపోతే ఏమిటి దారి? అదనంగా చేసి పెట్టుకున్న పలకను ఆ స్థానంలో పెట్టేస్తే చిత్రం నిండుతుంది గాని, ఆ బిడ్డకు గోడ మీద చోటు ఉండదు.

నీలిపూత

వెనుక వైపు, దువ్వెన గీట్ల నడుమ వదిలిన పట్టీలో, మేకుతో లోతుగా గీయించండి. పలక మీద కలంతో రాసినవి కాల్పులో పోతాయి. వరుసకు ఒక అక్షరం, స్థానానికి ఒక అంకె, పైకి చూపే ఒక బాణం ఉండాలి. వరుసలు పన్నెండు కాబట్టి క నుంచి మొదలుపెట్టి పన్నెండు అక్షరాలు చాలు. ఙ, ఞ లను వదిలేయండి, పిల్లలు వాటిని తలకిందులుగా గీస్తే మనమే పోల్చుకోలేము. బాణం మరిచిపోతే ఆరు ఆకారాల్లో సున్న, నాలుగు అంచులు దాటేది తప్ప మిగిలినవన్నీ పక్కకు తిరిగిపోయే ప్రమాదం ఉంది. ఇదే పట్టికను పూర్తి కొలత కాగితం మీద గీసి, హాలు నేల మీద పరచి, కాలిన పలకలన్నీ దాని మీద పేర్చి చూసిన తరువాతే జిగురు సంచి విప్పండి.

పగిలిన పలకల సంగతికి నా సమాధానం ఒక్కటే. కొంత మన్నును తడిగుడ్డ చుట్టి, ప్లాస్టిక్ సంచిలో దాచి ఉంచండి. పగిలినది ఎవరిదో ఆ బిడ్డే మళ్ళీ చేస్తుంది. మొదటి కాల్పు విడతలను ముందే పెట్టుకొని, గ్లేజు కాల్పులో చివరి విడతను ఇటువంటి పలకలకు వదిలిపెడితే అందరూ సర్దుకుంటారు. కొద్దిగా వంగినవాటిని, రంగు తేడా వచ్చినవాటిని మాత్రం తీసివేయకండి. జిగురు మందంతో ఒకటి రెండు మిల్లీమీటర్ల వంపును సరిచేయవచ్చు.

ఆవము

చివరి విడతకు మీ బడి నుంచి పదిమంది పిల్లలను తీసుకురండి అమ్మా. బట్టీ తెరిచే రోజున చూడవలసినది వాళ్ళే. మన్ను పరీక్షకు ఈ నెలలోనే రెండు బక్కెట్ల చెరువు మన్ను పంపండి. పట్టీలు కాల్చి ఎంత కుంచించుకుపోయిందో చెబుతాను. మీ వడ్రంగి కోత చట్రం ఆ కొలతకు చేస్తే, దసరా సెలవులు కాగానే పలకలు మొదలుపెట్టవచ్చు.

చుక్కలగీత

మన్ను సోమవారం బస్సులో వేస్తాను. పదో తరగతివారికి జనవరి నుంచి పరీక్షల ఒత్తిడి ఉంటుంది కాబట్టి వారి పలకలు ముందుగా చేయిస్తాము. ముగ్గు నమూనాను 432 గడుల కాగితం మీద ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇప్పటికే మొదలుపెట్టారు. బయటి అంచు రెండు చోట్ల మూసుకోలేదని వాళ్ళే కనిపెట్టి సరిదిద్దుతున్నారు. అది పూర్తి కాగానే ఆరు ఆకారాలు ఎన్నెన్ని కావాలో లెక్క తీసి ఇక్కడ పెడతాను.